చూసింది చెప్పమనే ఉస్తాద్

ఉస్తాద్ పోయాడని జనగామ నుంచి ఆయన తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను భూపాలపల్లిలో క్వార్టర్ ముందు కుర్చీ వేసుకుని తెగిన చెప్పు కుట్టుకుంటున్నాను.

"అన్న పోయిండు. పొద్దుగాల లేచిండు, చాయ్ తాగిండు, కూసున్నకాడనే ఒరిగిండు. గంతే," అన్నాడు.

పదో రోజుకు వెళ్ళాను. జనగామ చుట్టుపక్కల స్టీరింగ్ పట్టినవాళ్ళంతా అక్కడే ఉన్నట్టుంది. భోజనాలయ్యాక ఒక్కొక్కరే లేచి రెండు మాటలు చెప్తున్నారు. ఒక పెద్దమనిషి లేచి, "ఉస్తాద్ హస్తవాసి గసుంటిది. చెయ్యి పెడితే బండి బాగైతది," అన్నాడు. అందరూ తలలూపారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. హస్తవాసి ఏమిటి? ఆయన చెయ్యి పెట్టక ముందు ఎంతసేపు కూర్చునేవాడో, ఎన్ని అడిగేవాడో ఈయన ఎన్నడైనా చూశాడా? నలభై ఏళ్ళు బుర్ర పెట్టి చేసిన పనిని అదృష్టం ఖాతాలో వేస్తే ఉస్తాద్ ఊరుకునేవాడా? నన్ను కూడా చెప్పమన్నారు. లేచి నిలబడి, దండం పెట్టి కూర్చున్నాను. చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. జనగామలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇద్దరే, ఒకరు తల్లి, ఇంకొకరు పోస్టుమాన్. మిగతా అందరికీ ఉస్తాదే. కమ్మరి ఇంట్లో పుట్టాడు. తండ్రి నాగలి కర్రులు సాగదీస్తే ఈయన ఇంజన్ల దగ్గరికి వచ్చాడు. హైదరాబాద్ రోడ్డు మీద, బస్టాండుకు కొంచెం ఇవతల రేకుల షెడ్డు. బోర్డు లేదు. బోర్డు ఎందుకు పెట్టలేదని ఎవరో అడిగితే, "దార్లె పొయ్యేటోనికి నాతోని ఏం పని? ఖరాబైనోడు అడుగుకుంట వాడే వస్తడు," అన్నాడు.

మనిషి పొట్టి. ఖాకీ చొక్కాకు పై గుండీలు ఎప్పుడూ ఉండవు, వాటి జాగాలో రెండు పిన్నీసులు. పని ముగిసిందంటే రంపపు పొట్టు వేసి చేతులు రుద్దుకుని, సబ్బుతో కడుక్కుని, గోళ్ళు చూసుకుని గానీ చాయ్ ముట్టుకునేవాడు కాదు. "నూనె చేతులతోని చాయ్ తాగినోడు రేపు చాయ్ చేతులతోని కార్బొరేటర్ ముడ్తడు," అని కసురుకునేవాడు. ఈ రెండింటికీ సంబంధం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఇన్నేళ్ళలో నేను నూనె చేతులతో చాయ్ తాగలేదు.

ఇంజన్ నడుస్తుంటే ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. పొడుగు స్క్రూడ్రైవరు ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకునేవాడు. ఆ సమయంలో కారు యజమాని, ఎంత పెద్ద మనిషైనా సరే, నోరు తెరిస్తే ఎడమ చెయ్యి ఎత్తి ఆపేవాడు. ఒకసారి ఒక పెద్ద డాక్టరుగారు హడావిడిగా వచ్చి, కారులో చప్పుడు వస్తోందని, బేరింగులు పోయాయని, వాల్వులు చూడాలని, ఒకటే చెప్పుకుపోతున్నాడు. ఉస్తాద్ విన్నంతసేపు విని, "డాక్టర్ సాబ్, నీ దవాఖానకు రోగి వచ్చి నాకు టైఫాయిడ్ అని సూది రాయించుకుంటడా?" అన్నాడు. డాక్టరుగారు నవ్వి బెంచీ మీద కూర్చున్నాడు. ఆ చప్పుడు డిక్కీలో దొర్లుతున్న జాకీది. ఉస్తాద్ దాన్ని గోనెసంచిలో చుట్టి ఇచ్చి పంపాడు.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. బండి షెడ్డులోకి వస్తే వెంటనే బానెట్ ఎత్తడు. నడిపినవాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, "మొదట్నుంచి చెప్పు," అంటాడు. చెప్పేవాడు "పెట్రోలు ఖరాబున్నట్టుంది" అన్నాడో, మధ్యలోనే ఆపేసేవాడు. "చూసింది చెప్పు తమ్మీ. అనుకున్నది చెప్పకు." ఈ మాట ఆయన నోట ఎన్ని వందలసార్లు విన్నానో లెక్కలేదు. మొదటిసారి విన్నది మాత్రం నా మెడ మీద కత్తి వేలాడుతున్న రోజున.

ఆయన ధైర్యం గురించి ఒక ముక్క ముందే చెప్పాలి. అరవై తొమ్మిదిలో, తెలంగాణ కావాలని ఊళ్ళన్నీ అట్టుడికిన రోజుల్లో, ఉస్తాద్ వరంగల్లులో ఒక పెద్ద వర్క్‌షాపులో పనిచేసేవాడట. అక్కడి పై అధికారి కోస్తా నుంచి వచ్చినవాడు. ఈయన "గిట్ల", "గట్ల" అన్నప్పుడల్లా ఆ మాటను రాగం తీసి మళ్ళీ అని అందరినీ నవ్వించేవాడట. ఒకరోజు ఆ అధికారి మూడు రోజులుగా తిప్పలు పడుతున్న లారీని ఉస్తాద్ పూటలో బాగుచేసి, తాళం చెవి ఆయన చేతిలో పెట్టి, "మీ భాషల చెప్పుండ్రి సార్, లేస్తదేమో. నేనైతే నా భాషలనే చెప్పిన, లేచింది," అన్నాడట. మర్నాటి నుంచి పనికి రావద్దన్నారు. ఆయన జనగామ వచ్చి రేకులు కప్పుకున్నాడు. ఈ సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు, అదీ నేను అడిగితే. నేను మాత్రం ఎంతమందికి చెప్పుకుని ఛాతీ విరుచుకున్నానో!

ఇక నా సంగతి.

మాది మానుకోట దగ్గర లంబాడీ తండా. మా తండాలో స్టీరింగ్ పట్టిన మొదటివాణ్ణి నేను. మేము అమ్మను యాడి అంటాం. నాకు లైసెన్సు వచ్చిన రోజున మా యాడి ఆ కాగితాన్ని కళ్ళకు అద్దుకుని, చదవడం రాకపోయినా రెండు వైపులా తిప్పి చూసింది. డెబ్బైల చివర్లో నర్మెట్ట వైపు ఊరి పటేల్ ఒకాయన కొత్త అంబాసిడర్ కొంటే, దానికి డ్రైవరుగా కుదిరాను. తెల్ల కారు. పటేల్‌కు ఆ కారంటే ప్రాణం. ఆయనకు భక్తి కూడా ఎక్కువే, ప్రతి శనివారం చిల్పూరు గుట్ట ఎక్కాల్సిందే.

ఆ ఏడు దసరాకు కారుకు పూజ చేశాడు. అన్ని వాహనాలకూ చేసినట్టే పసుపు, కుంకుమ, నిమ్మకాయలు. తర్వాత పది రోజులకు కారు జబ్బు పడింది.

జబ్బు వింతగా ఉండేది. జనగామ బంకులో టాంకీ నిండా పెట్రోలు పోయించుకుని నర్మెట్ట రోడ్డెక్కితే, ఐదారు కిలోమీటర్లు హాయిగా పోతుంది. ఆ తర్వాత గుంజుడు తగ్గుతుంది. ఆపి చూస్తే ఇంజన్ నిలకడగా తిరగదు. చలిజ్వరం వచ్చినట్టు కారంతా వణుకుతుంది, చివరికి ఆగిపోతుంది. కాసేపు అలా వదిలేస్తే మళ్ళీ స్టార్టవుతుంది. టాంకీ సగానికి వచ్చాక ఈ గొడవ అంతగా ఉండదు. మళ్ళీ నిండా పోయించామా, మళ్ళీ అదే వణుకు.

పోయించినప్పుడే వస్తోంది కాబట్టి తప్పు పెట్రోలుదే అనుకున్నాను. అనుకున్నవాణ్ణి ఊరుకోలేదు. "పటేలా, బంకుల నీళ్ళు కలుపుతున్నరు," అని చెప్పాను. పటేల్ కారు వెనక్కి తిప్పించి బంకులో పైపు పట్టే అన్న మీద విరుచుకుపడ్డాడు. ఆ అన్నకు నలభై ఏళ్ళుంటాయి, చిల్పూరు వైపు మనిషి, ఎవరితోనూ ఎక్కువ తక్కువ మాట్లాడేవాడు కాదు. "నేను కలపలే పటేలా, చూడుండ్రి," అని కారు టాంకీ మూత తీసి, పెట్రోలు తీసి కాగితం మీద చుక్క వేసి ఆరబెట్టి చూపించాడు. మరక లేదు. సీసాలో పట్టి చూపించాడు. అడుగున నీరు లేదు. అయినా గదిలోంచి బంకు యజమాని బయటికి వచ్చి, "ఇంకోపాలి గిట్ల మాట వస్తే నువ్వు పైపు పట్టే పని లేదు," అని అందరి ముందు అన్నాడు. ఆ అన్న తల వంచుకుని పైపు తగిలించాడు. ఆ మాట పుట్టింది నా నోట్లోంచి. నేను పక్కన నిలబడి చూస్తూ ఉన్నాను.

బంకులోంచి బయటికి వస్తే కారు బంగారంలా నడిచింది. మళ్ళీ ఆరు కిలోమీటర్ల తర్వాత వణికింది.

అప్పుడు పటేల్ బుర్ర ఇంకోవైపు తిరిగింది. బంకులో పెట్రోలు మంచిదే. కారులోకి వచ్చాక పాడవుతోంది. కారు దగ్గర ఉండేది ఎవరు? మర్నాడు జనగామ బస్టాండు హోటల్ ముందు, నలుగురు జీపు డ్రైవర్లు, చాయ్ తాగేవాళ్ళు చూస్తుండగా నా చొక్కా పట్టుకున్నాడు.

"ఎన్నొద్దుల సంది అమ్ముకుంటున్నవ్ రా పెట్రోలు? తీసి అమ్ముకొని కిరోసిన్ పోస్తవా? మీ తండోల్లంత గింతేనారా?"

నన్ను ఒక్కణ్ణి అంటే పడేవాణ్ణేమో. తండా మొత్తాన్ని అన్నాడు. మా యాడి కళ్ళకు అద్దుకున్న కాగితం నా జేబులో ఉంది. జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను. "రేపు ఉస్తాద్ కాడికి పా. కిరోసిన్ అని ఆయన అన్నడా, చాబీ అక్కడ పెట్టి ఠానాకు నడువు," అన్నాడు పటేల్. పోలీసుస్టేషనంటే మా వాళ్ళకు ఎలాంటి చోటో చెప్పక్కర్లేదు. ఒకసారి లోపలికి వెళ్ళి వచ్చినవాడికి ఎవరూ తాళం చెవి ఇవ్వరు. తర్వాత తండాలో ఇంకెవరికీ కూడా ఇవ్వరు.

మర్నాడు షెడ్డులో ఉస్తాద్ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టాడు. పటేల్ మొదలుపెట్టబోతే ఎడమ చెయ్యి లేచింది.

"నడిపినోడు చెప్పనియ్యి పటేలా."

"ఉస్తాద్, పెట్రోలుల..." అన్నాను.

"చూసింది చెప్పు తమ్మీ. అనుకున్నది చెప్పకు."

చెప్పాను. ఎక్కడ పోయించింది, ఎక్కడ వణికింది, ఎంతసేపు ఆగితే లేచింది, బంకు దగ్గర ఏం జరిగింది, హోటల్ దగ్గర ఏమన్నారు, అన్నీ. ఆయన నా ముఖం చూడలేదు, నేల చూస్తూ విన్నాడు. అయ్యాక ఒక్కటే అడిగాడు.

"బంకు కాడ ఆయన పెట్రోలు చూసిండన్నవ్. ఎట్ల చూసిండు?"

"మూత తీసి, పైపేసి తీసిండు."

"గప్పుడు బండి బాగైంది."

"బాగైంది. మల్ల ఆరు కిలోమీటర్లకు..."

"ఇంకెప్పుడన్న మూత తీసినవా?"

ఆలోచించాను. రోడ్డు మీద ఆగిపోయినప్పుడు ఒకసారి వాసన చూద్దామని తీశాను. అప్పుడు వెంటనే లేచింది. తీయనప్పుడు మాత్రం చాలాసేపు ఆగాల్సి వచ్చింది. ఈ తేడా నేను చూసినదే, కానీ చెప్పాలని ఎన్నడూ తట్టలేదు. ఉస్తాద్ లేచి చేతులు తుడుచుకున్నాడు. టాంకీలోంచి తీసిన పెట్రోలు చుక్క కాగితం మీద వేసి ఆరబెట్టి పటేల్‌కు ఇచ్చాడు. "కిరోసిన్ లేదు. ముక్కు కాడ పెట్టుకో." పటేల్ వాసన చూసి కాగితం తిరిగి ఇచ్చాడు. "ఇగ పాండ్రి, నర్మెట్ట రోడ్డు. పటేలా, నువ్వు గూడ రావాలె."

బంకులో టాంకీ నింపించి బయలుదేరాం. పైపు పట్టే అన్న నా వైపు చూడకుండా పోశాడు. ఉస్తాద్ ముందు సీట్లో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆరో కిలోమీటరు దాటగానే కారు గుంజడం మానేసింది. ఆయన కళ్ళు తెరవకుండానే, "పక్కకాపు. ఇంజన్ బందు చెయ్యకు. గట్లనే తిరగనియ్యి," అన్నాడు.

కారు వణుకుతోంది. అద్దాలు గలగలమంటున్నాయి. నేను ఆక్సిలరేటర్ మీద కాలు వేయబోతే వద్దన్నాడు. బానెట్ తీస్తాడనుకున్నాను. తీయలేదు. దిగి, కారు వెనక్కి నడిచాడు.

"పటేలా, దిగి రా. టాంకి మూత నీ చేతుల్తోనే తియ్యి."

"నేనెందుకు?"

"నేను తీస్తే ఉస్తాద్ ఏదో చేసిండంటవ్. పోరడు తీస్తే పోరడు ఏదో చేసిండంటవ్."

పటేల్ మూత తిప్పాడు. సుయ్‌మని లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు నాకు ముందు సీట్లోకి వినిపించింది. రెండు నిమిషాలైనా కాలేదు, వణుకు తగ్గింది. ఇంజన్ మెల్లగా, సాఫీగా తిరగసాగింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాను.

ఉస్తాద్ ఇంకా సంబరపడలేదు. "ఒక్కపాలి ఐతే నేను నమ్మ. మూత పెట్టు, ఇంకింత దూరం పోదాం," అన్నాడు. పోయాం. మళ్ళీ వణికింది. పటేల్ మళ్ళీ మూత తీశాడు. మళ్ళీ సుయ్‌మంది, మళ్ళీ కుదుటపడింది. అప్పుడు ఉస్తాద్ మూత చేతిలోకి తీసుకుని ఎండకు పెట్టి చూశాడు. మూత నడిమధ్య పసుపు, దాని మీద కుంకుమ బొట్టు, ఆ రెండింటి మీదా అద్దంలా మెరుస్తున్న పూత.

"గిదేంది పటేలా?"

"బొట్టు."

"బొట్టు కానొస్తున్నది. మీదికెల్లి ఏం పూసిన్రు?"

పటేల్ ముఖం చిన్నబోయింది. దసరా నాడు పెట్టిన బొట్టు వానకు కడుక్కుపోతే మంచిది కాదని, ఏడాదంతా ఉండాలని, పూజ అయిన మర్నాడు పెయింటర్ను పిలిపించి కారు మీద ఉన్న ప్రతి బొట్టు మీదా వార్నిష్ పూయించాడు. స్టీరింగ్ మీద, బానెట్ మీద, అద్దం పక్కన, చివరికి టాంకీ మూత మీద. మూత మీది బొట్టు స్వయంగా ఆయన వేలితోనే పెట్టింది. నేనేం తక్కువ తిన్నానా? రోజూ పొద్దున్నే కారు తుడుస్తూ ఆ బొట్టుకు గుడ్డ తగలకుండా భక్తిగా చుట్టూ తుడిచేవాణ్ణి.

"మూతకు నడుమ సూదంత బెజ్జం ఉంటది," అన్నాడు ఉస్తాద్. "పెట్రోలు కిందికి పోతుంటే మీదికెల్లి గాలి రావాలె. సీసా నోట్లె పెట్టుకొని పెదాలు గట్టిగ మూసి గుంజు, రెండు గుక్కలొస్తయి, ఇంక రావు. గదే ఇది. టాంకి నిండ పోస్తే లోపల గాలికి జాగ లేదు, గందుకే జల్ది ఊపిరాడది. సగముంటే చానదూరం పోతది. పెట్రోలుది తప్పు లేదు. ఈ పోరనిది తప్పు లేదు."

చొక్కా పిన్నీసు ఒకటి తీసి ఆ బొట్టు మధ్యలో పొడిచాడు. సన్నటి రంధ్రం పడింది. "చూడు పటేలా, బొట్టు చెరగలే," అని మూత బిగించాడు. ఆయన చొక్కా గాలికి తెరుచుకుని ఎగురుతోంది. అంత పొట్టి మనిషి ఆ రోడ్డు మీద నాకు ఎంత ఎత్తుగా కనిపించాడో!

జనగామ తిరిగి వచ్చేదాకా కారు ఒక్కసారి కూడా తడబడలేదు. షెడ్డు ముందు ఆపగానే పటేల్, "బాగైంది తీ. పా రా, ఇంటికి పోదాం," అన్నాడు, ఏమీ జరగనట్టు. ఉస్తాద్ కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"నిన్న హోటల్ కాడ ఒక మాట అన్నవట పటేలా."

"కోపంల అన్న. ఐతేంది? ఇప్పుడు వీనికి దండం పెట్టుమంటవా?"

"దండం వద్దు. ఎక్కడ అన్నవో అక్కడ్నే వాపస్ తీస్కో. గంతే."

"తీస్కోకుంటే? చాబీ ఇయ్యవా?"

"ఎందుకియ్య? బండి నీది." అరచెయ్యి చాచాడు. "తీస్కపో. గని ఇంకోపాలి నా షెడ్డుకు తేకు."

పటేల్ బంధువుల జీపులూ, ట్రాక్టర్లూ, పంచాయతీ సమితి వాళ్ళ బండ్లూ అన్నీ ఆ షెడ్డుకే వచ్చేవి. పటేల్ ఒక్క మాట అంటే ఉస్తాద్ రేకులు విప్పుకోవాల్సిందే. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. చాచిన చెయ్యి అలాగే ఉంది. పటేల్ తాళం చెవి వైపు చూశాడు, నా వైపు చూశాడు, కండువా సర్దుకుని రోడ్డు దాటి హోటల్ దగ్గరికి నడిచాడు. మేం వెనకే వెళ్ళాం. నిన్నటి జీపు డ్రైవర్లు అక్కడే ఉన్నారు.

"నిన్న నేనన్నది తప్పు," అన్నాడు పటేల్, గోడ వైపు చూస్తూ. "కిరోసిన్ లేదు, ఏం లేదు. పోరడు దొంగ గాదు. మూతకు బొట్టు పెట్టి బెజ్జం మూసింది నేనే."

ఎవరూ నవ్వలేదు. హోటలాయన నా ముందు చాయ్ గ్లాసు పెట్టాడు. నేను ఆ గ్లాసు ముట్టుకోకుండా ఉస్తాద్ చెవి దగ్గర, "ఈయన కారు ఇంక తోల," అన్నాను.

"రేపు మానెయ్యి. ఇయ్యాల తోలు," అన్నాడాయన మెల్లగా. "ఇయ్యాల మానేస్తే దొంగ ఉరికిండంటరు."

సరే అన్నాను. ఇక అయిపోయిందనుకున్నాను. నా జీవితంలో అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్న రోజు లేదు. చాయ్ గ్లాసు ఎత్తాను. ఉస్తాద్ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"తమ్మీ, ఇగ నీ వంతు."

"నేనేం జేసిన ఉస్తాద్?"

"బంకుల నీళ్ళు కలుపుతున్నరని ఎవ్వలన్నరు?"

ఎత్తిన గ్లాసు మళ్ళీ కింద పెట్టాను. ఆ సంగతి బెంచీ మీద కూర్చుని నేనే చెప్పాను కదా.

"కలపంగ చూసినవా?"

"లే."

"మరి?"

"అనుకున్న."

"బంకుల పైపు పట్టే గాయనది గూడ కొలువే గద," అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. షెడ్డులోకి వెళ్ళి పనిలో పడ్డాడు.

ఆయన మీద కోపం వచ్చింది. ఉన్నమాట చెప్పాలంటే చాలా కోపం వచ్చింది. ఇప్పుడిప్పుడే తల ఎత్తుకున్నాను, ఒక్క పూటైనా ఎత్తుకుని ఉండనివ్వవచ్చు కదా! పటేల్‌ను వెనక కూర్చోబెట్టుకుని కారు తీశాను. బంకు ముందు నుంచి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ స్టీరింగ్ బంకులోకి తిప్పాను.

పైపు పట్టే అన్న ఒక స్కూటరుకు పెట్రోలు పోస్తున్నాడు. ఇంకో రెండు బండ్లు ఆగి ఉన్నాయి. గదిలో యజమాని ఉన్నాడు. దిగి వెళ్ళి నిలబడ్డాను. పటేల్ అంతటివాడు రోడ్డు దాటేంతసేపట్లో అనేశాడు. నాకు అంతకంటే ఎక్కువసేపు పట్టింది. స్కూటరు వెళ్ళిపోయింది, ఇంకో బండి వచ్చింది, నేను నిలబడే ఉన్నాను.

"ఏం కావాలె?" అన్నాడతను, నా ముఖం చూడకుండానే.

"అన్నా, పెట్రోలుల నీళ్ళున్నయని పటేల్‌కు నేనే చెప్పిన. నేను చూడలే. అబద్ధం చెప్పిన. తప్పు కార్ల ఉండె, నీది ఏం లేకుండె," అన్నాను, గదిలోకి వినిపించేంత గట్టిగా.

అతను పైపు తగిలించాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "నిన్న హోటల్ కాడ నిన్నన్నప్పుడు నేను గాడనే ఉన్న తమ్మీ," అన్నాడు. "పెట్రోలు అమ్ముకుంటవని పటేల్ అంటే నువ్వు కిందమీదైతుంటే, నాకు మొన్న గట్లనే అయిందనుకున్న."

నేను తల దించుకున్నాను. అప్పుడు నా వెనక కారు తలుపు తీసిన చప్పుడైంది. పటేల్ దిగాడు. దిగమని ఎవరూ చెప్పలేదు. ఉస్తాద్ అక్కడ లేడు. తాళం చెవి ఎవరి చేతిలోనూ ఇరుక్కుని లేదు. వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఈసారి గోడ వైపు చూడలేదు.

"నిన్ను గూడ అన్న," అన్నాడు బంకు అన్నతో. "మనసుల పెట్టుకోకు." తర్వాత గది వైపు తిరిగి యజమానిని పిలిచి, "వీనిని ఏమన్నవో గది నా మీద వేసుకుంటున్న. తప్పు నాది," అన్నాడు.

మర్నాడు నేను కారు మానేయలేదు. ఇంకా చాలా ఏళ్ళు, ఎనభైల చివర్లో భూపాలపల్లి గనుల్లో డ్రైవరుగా చేరేదాకా, ఆ పటేల్ కారే నడిపాను. ఆయన నన్ను మళ్ళీ "అరేయ్" అనలేదు. కానీ మర్నాడు పొద్దున్న మొట్టమొదట చేసిన పని మాత్రం ఉస్తాద్ షెడ్డుకు వెళ్ళడం. ఆయన ఒక జీపు కింద పడుకుని ఉన్నాడు, కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"చెప్పినవా?" అన్నాడు కింద నుంచే.

"చెప్పిన ఉస్తాద్. నేను చెప్పినంక పటేల్ గూడ దిగిండు. ఆయనంతట ఆయననే దిగి, తప్పు నాది అన్నడు."

జీపు కింద స్పానర్ చప్పుడు ఆగింది. ఆయన కాళ్ళతో నేలను తన్నుకుంటూ బయటికి జరిగాడు. ముఖం నిండా గ్రీజు. లేచి కూర్చుని నన్ను చూశాడు.

"పటేలు దిగిండా?"

"దిగిండు."

"నువ్వు చూసినవా?"

"చూసిన ఉస్తాద్. నా పక్కపొంటే నిలబడ్డడు."

ఆయన గ్రీజు చేతి వెనకవైపుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదట్నుంచి చెప్పమన్నాడు.